గుమ్మం దగ్గరి మనిషి

కలకత్తాలోని సదర్ స్ట్రీట్‌లో ఫెయిర్‌లాన్ అనే పాత హోటలు ఒకటి ఉంది. భవనం 1783 నాటిది. 1936లో రోజీ సర్కీస్ అనే ఆర్మేనియన్ మహిళ దాన్ని చేపట్టగా, ఆమె తరువాత కూతురు వయొలెట్ స్మిత్ దశాబ్దాల తరబడి నడిపింది. నగరంలో అంతకంటె విశాలమైన గదులకూ, ఖరీదైన హంగులకూ కొదవ లేదు. అయినా కెండల్ నాటక కుటుంబమూ, ఆ ఇంటి అల్లుడు శశికపూర్ మొదలుకొని దేశదేశాల యాత్రికులూ ఆ ఆకుపచ్చ గోడల మధ్యకే వచ్చేవారు. ఆ హోటలు ప్రత్యేకత ఏమిటని పాత అతిథులను అడిగితే గదుల ఊసెత్తరు. చక్కగా ముస్తాబై వాకిట్లో కూర్చుని, వచ్చినవారిని వచ్చినట్టే పలకరించిన వయొలెట్ గురించి చెబుతారు. “సదర్ స్ట్రీట్ డచెస్” అని ఆమెకు పేరు. 2014లో ఆమె కన్నుమూసింది. 2018లో హోటలు చేతులు మారింది.

అయితే ఆమె యజమానురాలు. తన ఇంటికి వచ్చినవారిని తాను ఆదరించింది. నెలజీతానికి, పరాయివారి గుమ్మంలో కూర్చుని, పరాయివారి పరువు మోసే మనిషి సంగతి వేరు. నేను చెప్పదలచుకున్నది ఆ మనిషిని గురించే.

“దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు” అని మనకు సామెత. గుమ్మం దగ్గరి మనిషిని దెప్పడానికి మన భాషలో మాటలకు కరువు లేదు, మెచ్చుకోవడానికే లేవు. భాగవతంలో జయవిజయుల కథ అందరికీ తెలుసు. పసివాళ్లలా కనిపించే సనకాది మునులను వైకుంఠ ద్వారం దగ్గర ఆపి, ద్వారపాలకులు శాపం తెచ్చుకున్నారు. శాపం దాకా మనకు గుర్తుంటుంది; ఆ తరువాతి ఘట్టం అంతగా గుర్తుండదు. విష్ణువు స్వయంగా బయటికి వచ్చి మునులను క్షమాపణ వేడుకుంటాడు. సేవకుడు తప్పు చేస్తే లోకం ఎత్తేది యజమాని పేరే కదా, చర్మాన్ని రోగం పాడుచేసినట్టు ఆ అపవాదు యజమాని కీర్తిని పాడుచేస్తుంది కదా అన్నది ఆయన మాటల సారాంశం. ఏ కంపెనీ అధిపతి అయినా గోడకు రాయించుకోదగిన సంగతి.

1981లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ పగ్గాలు చేపట్టిన యాన్ కార్ల్‌జన్ ఇదే విషయాన్ని లెక్కగట్టి చెప్పాడు. ఏడాదికి కోటిమంది ప్రయాణికులు. ఒక్కొక్కరికి దాదాపు అయిదుగురు ఉద్యోగులతో పని. ప్రతి పలకరింపూ సగటున 15 సెకన్లు. అంటే ఏటా అయిదు కోట్ల సార్లు, పదిహేనేసి సెకన్లలో సంస్థ తేలుతుంది లేదా మునుగుతుంది. ఆ ఘడియలను ఆయన “మొమెంట్స్ ఆఫ్ ట్రూత్” అన్నాడు. సత్య క్షణాలు అని తెనిగిస్తే పేలవంగా ఉంటుంది. నన్నడిగితే అగ్నిపరీక్షలు అంటాను. వృత్తిరీత్యా అనువాదకురాలిని గనుక ఈ పాటి చాదస్తం తప్పదు.

చక్రపాణి గారు మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని శరత్‌ను తెనిగించారు. శరత్ తెలుగువాడేనని నమ్మిన పాఠకులు మన ఇళ్లలో ఎందరో! తలుపు తీసినవాడు పక్కకు తప్పుకున్నాడు గనుకనే ఆ భ్రమ కలిగింది. రిసెప్షన్ బల్ల దగ్గరి పని కూడా ఆ జాతిదేనని నాకు తెలిసివచ్చింది కలకత్తాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో.

బంధువుల కోసం ఎదురుచూస్తూ నేను వరండాలో కూర్చున్నాను. పలాస నుంచి ఖరగ్‌పూర్‌లో ఉన్న కొడుకును చూడవచ్చిన ముసలి దంపతులు. ఉన్నట్టుండి ఆయనకు జబ్బుచేసింది. కొడుకు డబ్బు తేవడానికి పరుగెత్తాడు. బల్ల ముందు ఆమె ఒక్కతీ నిలబడి ఉంది. శస్త్రచికిత్సకు సమ్మతి పత్రం అది. వేలిముద్ర వెయ్యడానికి ఆమె ససేమిరా ఒప్పుకోవడం లేదు. “మా ముసిలాయన్ని ఏటి సేత్తన్నారు?” అన్న ఒక్క ప్రశ్నే మళ్లీ మళ్లీ అడుగుతోంది. వెనక వరుసలో ఒకాయన బల్ల మీద చరిచాడు.

బల్ల వెనక ఉన్న అమ్మాయికి పాతికేళ్లుంటాయేమో. “ఒక్క నిమిషం, దాదా” అని గొంతు పెంచకుండా ఆయనకు చెప్పి, లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చింది. “మాసిమా” అంటూ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తానూ పక్కన కూర్చుంది. నేను అంతకు ముందు ఫోనులో మాట్లాడిన భాష ఆమె చెవిన పడినట్టుంది. “దిది, కాస్త సాయం చేస్తారా?” అని అడిగింది. కాగితం నా చేతికిస్తూ, ఏది ముందు చెప్పాలో వరుస కూడా తానే చెప్పింది. ఆయన ఎక్కడున్నారో ముందు. డాక్టరు పక్కనే ఉన్నారని తరువాత. ఆమె ఒకసారి ఆయనను చూడవచ్చునని ఆ తరువాత. కాగితం సంగతి ఆఖరున.

ఆ కాగితంలో మొదటి వాక్యం ప్రాణాపాయం గురించి, రెండోది ఆసుపత్రి బాధ్యత గురించి. అక్షరాలా తెనిగించి ఉంటే ఆమె అక్కడే కుప్పకూలేది. ఆ అమ్మాయి చెప్పిన వరుసలోనే చెప్పాను. దాచినదేమీ లేదు, అపాయం మాట కూడా చెప్పాను. భర్తను చూసి వచ్చి, ఆమె వేలిముద్ర వేసింది.

కేరళ మూలాలున్న మనస్తత్వ శాస్త్రవేత్త నళినీ అంబాడి, తన సహచరులతో కలిసి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. సర్జన్లు రోగులతో మాట్లాడిన మాటల్లోంచి పది సెకన్ల ముక్కలు తీసి, పదాలు అర్థం కాకుండా వడగట్టి, స్వరం మాత్రమే వినిపించారు. పెత్తనం ధ్వనించిన గొంతులు ఎక్కువగా రోగులు కోర్టుకీడ్చిన సర్జన్లవని తేలింది. పలాస అవ్వకు కూడా బెంగాలీ ఒక్క ముక్క తెలియదు. వినిపించినది ఆ స్వరమే.

ఆ స్వరం ఊరికే రాదు. విమానాల్లో పరిచారికల పనిని పరిశీలించిన ఆర్లీ హోక్‌షైల్డ్ 1983లో వెలువరించిన పుస్తకంలో దాన్ని శ్రమగానే లెక్కించింది. తన విసుగును దిగమింగి, ఎదుటివారికి ఊరట కలిగించే ముఖం రోజంతా నిలుపుకోవడమూ చాకిరీయే, ఒళ్లు అలసే చాకిరీయే. మన సంస్థలు పాలరాతి హాలుకూ, పూలకుండీకీ వెచ్చించడానికి వెనుకాడవు. ఆ హాలులో కూర్చునే మనిషిని మాత్రం చాలాచోట్ల ఏజెన్సీ ద్వారా, ఎప్పుడు మార్చినా అడిగేవారు లేని షరతు మీద తెచ్చుకుంటారు. ఇది నాకు మింగుడుపడదు.

పదకొండు రోజుల తరువాత ముసలాయనను ఇంటికి పంపారు. ఆనాడు అవ్వ కొంగుచాటున పలాస జీడిపప్పు పొట్లం ఒకటి పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి వెళ్లింది. అక్కడ వేరే అమ్మాయి ఉంది. మొదటి అమ్మాయిని ఏజెన్సీవారు మరో శాఖకు మార్చారట. అవ్వ కాసేపు ఆలోచించి పొట్లాన్ని ఈ అమ్మాయి చేతిలోనే పెట్టి, “ఆ పిల్లకి అందెయ్యమను తల్లీ” అంది నాతో. ఈ అమ్మాయి పొట్లం మీద కలంతో మొదటి అమ్మాయి పేరు రాసి సొరుగులో పెట్టి, వరుసలో తరువాతి మనిషిని పిలిచింది.