పల్లె తుపాకి, పోలీసు తుపాకి

అమెరికాలో తుపాకులంటే ప్రాణం పెట్టేవాళ్ళు కూడా పెద్దగా లెక్కచేయని తుపాకి ఒకటుంది. అది బోల్ట్ యాక్షన్ షాట్‌గన్. దుకాణంలో మంచి తుపాకులన్నీ గోడకి వేలాడుతుంటే ఇది మూలన జారగిలబడి ఉంటుంది. దాని గురించి రెండు ముక్కలు గొప్పగా చెబుదామని దుకాణదారుడికి కూడా తోచదు. మిషిగన్‌లో ఇన్నేళ్ళుగా ఉంటూ నేను మనసుపడి తెచ్చుకున్న తుపాకులు రెండే. రెండూ ఆ జాతివే.

మన దగ్గర బ్యాంకు గార్డు చేతిలో కనిపించే పన్నెండు బోరు తుపాకి షాట్‌గన్నే. రైఫిల్ గొట్టం లోపల మెలికలు తిరిగే గాళ్ళు ఉంటాయి. షాట్‌గన్ గొట్టం మాత్రం నున్నగా ఉంటుంది. ఒక్క తూటాలోంచి పదులకొద్దీ సీసపు రవ్వలు బయటికొచ్చి, దూరం పోయేకొద్దీ విచ్చుకుంటాయి. గొట్టం లోపలి వ్యాసానికి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిసి ఒక పౌను తూగితే అది పన్నెండు బోరు. ఇరవై తూగితే ఇరవై. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఎక్కువగా వాడేవాటిలో అన్నిటికన్నా సన్నదైన .410 మాత్రం ఈ లెక్కలోకి రాదు, అక్కడ అంకే వ్యాసం, అంగుళాల్లో.

మామూలుగా షాట్‌గన్‌ని మధ్యకి మడిచి తూటాలు పెడతారు, లేదా ముందున్న పంపుని వెనక్కి లాగుతారు. బోల్టు రైఫిల్‌కి చెందిన ఏర్పాటు. పిడి పైకెత్తి వెనక్కి లాగితే పేలిన తూటా ఖాళీ డొల్ల బయటపడుతుంది, ముందుకి తోసి పిడి దించితే కొత్త తూటా లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. ఇంత పని చేసేలోపు ఎగిరే పిట్ట చెట్లు దాటిపోతుంది. షాట్‌గన్ ఉన్నదే ఎగిరేవాటినీ పరిగెత్తేవాటినీ కొట్టడానికి కాబట్టి, దానికి బోల్టు తగిలించడం వేటగాళ్ళకి తెలివితక్కువ పనిలా కనిపిస్తుంది.

అయినా ఇవి లక్షల్లో తయారయ్యాయి, ఎందుకంటే చవక. బోల్టు తుపాకిలో కదిలే భాగాలు తక్కువ, వాటిని చెయ్యడం తేలిక. విన్‌చెస్టర్ కంపెనీ 1920లోనే మోడల్ 41 అనే .410 బోల్టు తుపాకి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వీటికి అసలు గిరాకీ వచ్చింది. మాస్‌బర్గ్, మార్లిన్, స్టీవెన్స్ కంపెనీలు వీటిని వరసపెట్టి చేశాయి. సియర్స్ దుకాణాలు జే.సీ. హిగ్గిన్స్ పేరుతో, మాంట్‌గోమరీ వార్డ్ వాళ్ళు వెస్టర్న్ ఫీల్డ్ పేరుతో అమ్మారు. 1968లో చట్టం వచ్చేదాకా క్యాటలాగులో చూసి డబ్బు పంపితే తుపాకి పోస్టులో ఇంటికొచ్చేది. సీరియల్ నంబరు వెయ్యాలన్న నియమం కూడా అప్పటిదాకా షాట్‌గన్లకి లేదు. నా మాస్‌బర్గ్ 183 మీద ఎంత వెతికినా నంబరు కనిపించదు, అది అంతకు ముందుది.

ఆ కంపెనీ పెట్టిన ఆస్కార్ మాస్‌బర్గ్ స్వీడన్ నుంచి 1886లో వచ్చిన వలసదారు. పలు తుపాకుల కంపెనీల్లో పనిచేసి, చివరి కొలువు మూతపడితే 1919లో, యాభై దాటాక, ఇద్దరు కొడుకులతో సొంత షాపు తెరిచాడు. ఎక్కువ ధర పెట్టలేనివాళ్ళకి పనికొచ్చే తుపాకి అందించాలన్నది ఆ ఇంటి పద్ధతి. ఈ మనిషంటే నాకు గౌరవం.

నా మాస్‌బర్గ్ మా పక్క పొలం పెద్దాయన దగ్గర్నుంచి వచ్చింది. లపీర్ కౌంటీలో మేం ఇల్లు కొన్నప్పుడు మొదట పలకరించింది ఆయనే. పన్నెండేళ్ళప్పుడు వాళ్ళ నాన్న ఇలాంటి తుపాకే చేతికిచ్చి, లెక్కపెట్టి మూడు తూటాలు ఇచ్చేవాడట. “ఎన్ని తూటాలు ఖర్చయ్యాయో అన్ని కుందేళ్ళు ఎందుకు రాలేదని అడిగేవాడు. అందుకే తొందరపడి కాల్చేవాణ్ణి కాదు” అన్నాడాయన. ఇక్కడి పొలం ఇళ్ళల్లో ఈ తుపాకి తలుపు వెనకాల ఉండే పనిముట్టు. కోళ్ళ మీదికొచ్చే జంతువుని తోలడానికి, శీతాకాలం కూరకి కుందేలు తేవడానికి వాడేది. దీన్ని అద్దాల బీరువాలో పెట్టినవాళ్ళు లేరు. అందుకే మంచి స్థితిలో ఉన్నవి దొరకడం కష్టం, తుప్పు పట్టినవీ కర్ర బీటలిచ్చినవీ ఎక్కువ.

పిల్లల మొదటి తుపాకి .410 అని ఇక్కడో నానుడి. నేను ఒప్పుకోను. భుజానికి దెబ్బ తగలదన్నది నిజమే. కానీ రెండున్నర అంగుళాల .410 తూటాలో రవ్వల బరువు పద్నాలుగు గ్రాములు, పన్నెండు బోరు తూటాలో సుమారు ముప్పైరెండు. రవ్వలు అంత తక్కువగా ఉన్నప్పుడు గురి చాలా బాగుంటేనే దెబ్బ తగులుతుంది. నేర్చుకునేవాళ్ళకి అది కాదు, నేర్చుకున్నవాళ్ళకి. షూటింగ్ రేంజిలో మట్టి పళ్ళేలు ఎగరేసి కొడుతుంటే నా పక్కన నిలబడ్డవాళ్ళు ఒకదాని వెంట ఒకటి పేలుస్తూ పోతారు. నాకు ఒకటి కాల్చాక భుజం మీంచి తుపాకి దించక తప్పదు. బోల్టు లాగాలి, డొల్ల పడిందో లేదో చూడాలి, మళ్ళీ ఎత్తాలి. ఆ వ్యవధిలో, పోయిన గుండు ఎందుకు పోయిందో తెలుస్తుంది. ఇంకో సౌకర్యం కూడా ఉంది. బోల్టు వెనక్కి లాగి ఉంచితే తుపాకి ఖాళీ అని పదడుగుల దూరంలో ఉన్నవాడికి కూడా కనిపిస్తుంది. ఊడదీస్తే గొట్టం ఈ చివర్నుంచి ఆ చివరికి వెలుతురు కనిపిస్తుంది, మడ్డి ఉందో గుంటలు పడ్డాయో దాగదు.

పాతవి కొనాలనుకునేవాళ్ళకి గట్టిగా చెప్పేది ఒకటుంది: తుపాకి ధరకి తోడు, దాన్ని పరీక్షించి బాగుచేసే గన్‌స్మిత్ ఫీజు కూడా లెక్క వేసుకోండి. బోల్టు మూసినప్పుడు బిగువుగా పడుతోందా, తూటా కూర్చునే చాంబర్ ఎన్ని అంగుళాల తూటాకి కోసింది అన్నవి మనం కంటితో తేల్చలేం. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో మిగిలిపోయిన మౌజర్ రైఫిళ్ళని గెహా అనే పేరుతో షాట్‌గన్లుగా మార్చి అమ్మారు. ఆ మార్పులో బోల్టు ముందున్న రెండు పట్టు కొమ్ములూ తీసేశారు, వెనకున్న ఒక్కదాని మీదే భారమంతా. చూడ్డానికి చరిత్ర ఉట్టిపడుతుంది. పేల్చడానికి మాత్రం వద్దు. ఇంట్లో రెండు రకాల తుపాకులుంటే తూటాలు ఎప్పుడూ కలపకూడదు. ఇరవై బోరు తూటా పన్నెండు బోరు గొట్టంలో వేస్తే జారి మధ్యలో ఇరుక్కుంటుంది, దాని వెనక పన్నెండు బోరుది పెట్టి కాలిస్తే గొట్టం పగులుతుంది. ఇరవై బోరు తూటాలకి పసుపు రంగు వేసేది ఈ ప్రమాదం వల్లే.

పెద్దాయన దగ్గర మార్లిన్ కంపెనీ గూస్ గన్ ఉంది. పన్నెండు బోరు, గొట్టమే మూడడుగులు. ఎత్తున పోయే బాతుల్నీ హంసల్లాంటి కెనడా గూసుల్నీ అందుకోవడానికి చేశారు. రవ్వలు చెదరకుండా గొట్టం మూతి బాగా బిగించి ఉంటుంది. అది సీసాన్ని నమ్ముకుని పుట్టిన తుపాకి. చెరువుల అడుగున పడ్డ సీసపు రవ్వల్ని ఇసుక రేణువులనుకుని బాతులు మింగి చచ్చిపోవడం, వాటిని తిన్న గద్దలకీ ఆ విషం ఎక్కడం చూసి 1991 నుంచి దేశమంతటా నీటిపక్షుల వేటకి సీసం నిషేధించారు. బదులుగా వచ్చిన ఉక్కు రవ్వలు గట్టివి, పాత బిగుతు గొట్టాల మూతిని చెడగొడతాయి. మెత్తగా ఉండే బిస్మత్ తూటాలు వాడొచ్చు గానీ ఖరీదు. నిషేధం సరైనదే. పెద్దాయన కూడా ఆ మాటే అంటాడు. ఆ తుపాకిని ఇప్పటికీ ఏటా నూనె పెట్టి తుడుస్తాడు.

నా రెండో తుపాకి ఒక గన్ షోలో బల్ల మీద కనిపించింది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లానే ఉంది గానీ తూటాల పెట్టె ఉండాల్సిన చోట కర్రముక్క బిగించి ఉంది. పక్కకి తిప్పితే కిరీటం, జార్జి చక్రవర్తి పొడి అక్షరాలు, ఇషాపూర్ అన్న ముద్ర. కోల్‌కతా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉన్న ఆ కార్ఖానాలోనే .303 రైఫిళ్ళని నున్నటి గొట్టం .410 మస్కెట్లుగా మార్చేవారు. 1990లలో ఇవి అమెరికాకి దిగుమతయ్యాయి. ఫొటో తీసి నర్సీపట్నంలో ఉన్న మా నాన్నగారికి పంపాను. ఆయన పనిచేసింది సబ్ ట్రెజరీలో. వెంటనే ఫోను చేశారు. “ఒరేయ్, ఇది మా ట్రెజరీ సెంట్రీ తుపాకిరా! ఫోర్ టెన్ మస్కెట్ అనేవాళ్ళు. ఆ కర్రముక్క చూసి గుర్తుపట్టాను. నీకక్కడ ఎలా దొరికింది?”

ఆ కర్రముక్క గురించే నేను చాలా ఆలోచించాను. పది తూటాలు పట్టే రైఫిల్‌ని కావాలని ఒక్క తూటా తుపాకిగా తగ్గించారు. గొట్టం నున్నగా చేసి దూరపు గురి తీసేశారు. తూటా కొలత మార్చి, సైన్యం వాడే .303 తూటాలు అందులో పనికిరాకుండా చేశారు. దీని వెనక 1857 ఉంది. ఆ తిరుగుబాటు తర్వాత భారతీయ సిపాయిల చేతికి ఇంగ్లీషు సైనికుల కంటే ఒక మెట్టు తక్కువ ఆయుధం ఇవ్వడం పాలకులకి విధానమైంది. 1878 ఆయుధాల చట్టంతో మామూలు జనానికి లైసెన్సు లేని తుపాకి నేరమైంది. పోలీసు చేతిలోది ఎవరైనా లాక్కుపోయినా, ఆ పోలీసే ఎదురుతిరిగినా నష్టం తక్కువగా ఉండాలన్నది ఈ మస్కెట్ వెనకున్న లెక్క. వాళ్ళ భయం ఉత్తిదేమీ కాదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి స్టేషను మీద పడింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ తర్వాత రాజవొమ్మంగి. కావలసినవి తుపాకులు, తీసుకుపోయినవీ అవే. నేను పెరిగిన ఊరి నుంచి చింతపల్లి ఘాట్ రోడ్డు బస్సుదూరం.

నా మాస్‌బర్గ్ నిదానం పేద రైతు జేబుని బట్టి వచ్చింది. ఇషాపూర్ తుపాకి నిదానం అది పట్టుకున్న మనిషి మీద ప్రభుత్వానికి నమ్మకం లేక వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా మా నాన్నగారి సెంట్రీ అదే తుపాకితో కాపలా కాశాడు. ఈ మాట తలుచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. దాన్ని నేను పేల్చను. ఇక్కడి తూటాలు పట్టేలా ఎవరో చాంబర్‌ని పెద్దది చేశారు, ఆ పని పొందిగ్గా లేదని గన్‌స్మిత్ చెప్పాడు. పేల్చకపోయినా అది నా దగ్గర ఉండాలి.

ఇక్కడ ఉన్న మనవాళ్ళు తరచూ అడిగేది చట్టం సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకిని గాని తూటాని గాని దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది, అలాంటివి ఇంకొన్ని ఉన్నాయి. స్నేహితుడితో సరదాగా రేంజికి వెళ్ళి తుపాకి పట్టుకుని ఫొటో దిగడం కూడా ఇందులోకే వస్తుంది, కోర్టులో నేరం రుజువైతే దేశం నుంచి పంపేయడానికి అది చాలు. వీసా ఏదో, లైసెన్సు ఏదో చూసుకోకుండా చెయ్యి వెయ్యొద్దు. నేను కొన్నవి గ్రీన్‌కార్డు చేతికొచ్చాకే.

ఇంట్లో భద్రత గురించి ఈ రాష్ట్రంలో ఎవరికీ వేరే చెప్పక్కర్లేదు. 2021 నవంబరు 30న మా పక్క కౌంటీలోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో పదిహేనేళ్ళ కుర్రాడు తండ్రి కొనిచ్చిన పిస్తోలుతో నలుగురు విద్యార్థుల్ని చంపాడు. 2024లో తల్లినీ తండ్రినీ కూడా కోర్టులు దోషులుగా తేల్చాయి. ఆ ఏడాది ఫిబ్రవరి నుంచి, మైనర్లు ఉండే ఇంట్లో తుపాకిని ఖాళీ చేసి తాళం బిగించి గాని, తాళం వేసిన పెట్టెలో గాని ఉంచాలన్నది మిషిగన్‌లో చట్టం. పొడుగు తుపాకులు కొనడానికి కూడా లైసెన్సు తప్పనిసరి చేశారు. తలుపు వెనకాల తుపాకి నిలబెట్టే రోజులు పోయాయి, పోవలసిందే. మా ఇంట్లో బోల్టులు ఊడదీసి వేరే పెట్టెలో ఉంటాయి, తూటాలు ఇంకో పెట్టెలో.

మా అమ్మాయికి ఇప్పుడు పదహారు. తనకి కాల్చడం నేర్చుకోవాలని ఉంది. వాళ్ళమ్మకి ఇష్టం లేదు, ఆ అయిష్టానికి కారణం కూడా ఆక్స్‌ఫర్డే. మేం ముగ్గురం కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చాం. 1960లో గాని ఆ తర్వాత గాని పుట్టినవాళ్ళు ఇక్కడ వేట లైసెన్సు కావాలంటే హంటర్ సేఫ్టీ కోర్సు చెయ్యాలి. వేటకి వెళ్ళినా వెళ్ళకపోయినా అమ్మాయి ఆ కోర్సు ముందు పూర్తి చేస్తుంది, వాళ్ళమ్మ కూడా పక్కన కూర్చుని చేస్తుంది. ఆ తర్వాతే రేంజి. అప్పుడు కూడా మొదట .410 ఇవ్వను, పెద్దాయన దగ్గర ఇరవై బోరు మాస్‌బర్గ్ 185 ఒకటుంది, దానికి మ్యాగజైను దొరికితే ఇస్తానన్నాడు. పాత విడిభాగాలు అమ్మేవాళ్ళకి రాసి పెట్టాం.