తాలు ఏరుకునే హైడ్రా

మొన్న ఫిబ్రవరిలో నల్లపాడు వెళ్లాను. కళ్లంలో మిరపకాయలు ఎండుతున్నాయి. ఘాటుకి నాకు ఒకటే తుమ్ములు! ఎనభై రెండేళ్ల నాయనమ్మ మాత్రం కూలీల పక్కన పీట వేసుకుని తాలు ఏరుతోంది. లేచేటప్పుడే నా భుజం ఆసరా కావాల్సొచ్చింది.

‘మోకాళ్లు అరిగిపోయినయ్‌రా అబ్బాయ్. మీ పేపర్లో దీనికేమన్నా మందు రాస్తారా?’ అంది.

మందు సంగతేమో గానీ, ముసలితనమే కనిపించని ఓ ప్రాణి గురించి ఆ వారమే చదివాను. అదే హైడ్రా. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మంచినీటి కుంటల్లో ఆకుల్ని అంటుకుని బతికే సన్నటి గొట్టం, నోటి చుట్టూ స్పర్శకాలు... అంతే! 1740లలో ట్రెంబ్లే అనే ప్రకృతి పరిశీలకుడు దాన్ని ముక్కలు చేస్తే, ఆ ముక్కలే మళ్లీ నిండు హైడ్రాలయ్యాయి.

అమెరికాకు చెందిన డేనియల్ మార్టినెజ్ హైడ్రాకూ వయసు మీద పడుతుందని రుజువు చేద్దామనే పరిశోధన మొదలుపెట్టారు. నాలుగేళ్లు పెంచినా వాటిలో ఆ ఛాయలే లేవని 1998లో ప్రకటించారు. ఆ తర్వాత జర్మనీ పరిశోధకులతో కలిసి 2256 హైడ్రాలను ఎనిమిదేళ్లపాటు గమనించారు. వయసు పెరిగినా వాటికి చావు ముప్పు పెరగలేదని 2015లో తేల్చారు.

కిటుకంతా మూలకణాల్లో ఉంది. అవి అలుపు లేకుండా విభజన చెందుతూ కొత్త కణాలను పుట్టిస్తాయి. పాతవి స్పర్శకాల కొసలకీ, పాదానికీ జరిగి రాలిపోతాయి. కొద్ది వారాల్లోనే ఒళ్లు దాదాపు కొత్తదవుతుంది.

‘అంటే ఎప్పటికప్పుడు తాలు ఏరేసుకుంటదన్నమాట!’ నాయనమ్మ ఒక్క ముక్కలో తేల్చేసింది. ‘మరి మనకి కుదరదా?’

కొంత కుదురుతుంది. మన చర్మం పైపొర కూడా నెలా నెలన్నరలో మారిపోతుంది. మోకాలి కీలులోని మృదులాస్థి మాత్రం అరిగితే సరిగా పూడదు. ఇక మెదడులోని నాడీకణాలు చాలావరకు చిన్ననాటివే చివరిదాకా ఉంటాయి. హైడ్రాకు మెదడే లేదు, ఉన్న కాసిని నాడీకణాలనూ మార్చేసుకుంటుంది.

అదే చెప్పాను. నాయనమ్మ చేతిలోని కాయను అటూ ఇటూ తిప్పుతూ కాసేపు మాట్లాడలేదు.

‘తలకాయలోవి మారకపోవటమే మంచిదిలే. ఈ చేను కొన్నరోజు మీ తాతయ్య గట్టు మీద నిలబడి నవ్విన నవ్వు అక్కడే గదరా ఉంది! మోకాళ్ల వరకే మార్చమని రాయి’ అంది.