ఉట్టి మీది పుస్తకం

మా ఏజెన్సీ బడుల్లో పుస్తకాలు లేవనడం పూర్తిగా నిజం కాదు. ఉంటాయి. బీరువాలో ఉంటాయి. బీరువాకు తాళం ఉంటుంది. తాళంచెవి ఉన్న సారు మీటింగుకు పోయి ఉంటారు. ఆయన్ని తప్పుపట్టడం తేలికే. కానీ స్టాకు రిజిస్టరులో ఒక పుస్తకం తగ్గితే సమాధానం చెప్పుకోవాల్సింది ఆయనే. ఆ భయంతో పిల్లల చేతికి ఇవ్వరు. చెదలకు మాత్రం తాళం అడ్డం రాదు.

పుస్తకాన్ని ఎలా వాడుకోవాలో, గ్రంథాలయంలో ఎలా మెలగాలో పిల్లలకు చెప్పే బొమ్మల పుస్తకాలు అమెరికాలో చాలా వచ్చాయి. మాలో టీచరు ట్రైనింగు చదివినవాళ్ళం కొన్నిటిని చూసి, గూడెం పిల్లలకు బొమ్మలు చూపిస్తూ కోయలో చెప్పాం. చాలావాటిలో మాట ఒకటే: చేతులు కడుక్కో, పేజీ మడవకు, తింటూ చదవకు, గడువు లోపల తిరిగి ఇచ్చెయ్. మంచి మాటలే. పిల్లలు ఆవులించారు. రెండు కథలు మాత్రం మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు.

ఒకటి 1994లో కార్మెన్ అగ్రా డీడీ రాసిన 'ది లైబ్రరీ డ్రాగన్'. బడి గ్రంథాలయానికి నిప్పులు కక్కే డ్రాగన్ లైబ్రేరియన్‌గా వస్తుంది. పుస్తకాలు మాసిపోతాయని పిల్లల్ని ముట్టనివ్వదు. చూపు సరిగా ఆనని ఒక చిన్నపిల్ల దొరికిన పుస్తకాన్ని పైకి చదవడం మొదలుపెడితే పిల్లలంతా చేరతారు. డ్రాగన్ పొలుసులు రాలిపోయి మామూలు మనిషవుతుంది. కథ అయ్యాక ఒక పిల్లవాడు "మా బళ్ళో కూడా..." అని ఆగిపోయాడు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.

రెండోది మిషెల్ నడ్సన్ రాసిన 'లైబ్రరీ లయన్', 2006లో వచ్చింది. గ్రంథాలయానికి వచ్చిన సింహం పరుగెత్తకూడదు, అరవకూడదు అని నేర్చుకుని బుద్ధిగా ఉంటుంది. ఒకరోజు పెద్ద లైబ్రేరియనమ్మ పడి చెయ్యి విరుగుతుంది. మనిషిని పిలవడానికి సింహం గర్జిస్తుంది. కట్టుబాటు తప్పాను కదా అని తనంతట తనే బయటికి పోతుంది. ఇది మా పిల్లలకు విడమరచనక్కర లేకపోయింది. మామిడికాయ పండుగ చెయ్యకముందు కొత్త కాయ కొరకకూడదని, కొత్తల పండుగ కాకుండా కొత్త గింజ తినకూడదని వాళ్ళకు తెలుసు. పదిమందిదీ అయినదాన్ని ఎలా ముట్టుకోవాలో ఎరిగిన పిల్లలు వాళ్ళు. వాళ్ళకు బాధ్యత కొత్తగా నేర్పుతున్నామని అనుకునే టీచర్లంటే మాకు కొంచెం చిరాకు.

మా గూడెంలో ఐదో తరగతి పిల్ల ఒకతె బడి నుంచి కథల పుస్తకం ఇంటికి తెచ్చుకుంది. మేక అట్టతో పాటు నాలుగు పేజీలు నమిలేసింది. బడిలో డబ్బు కట్టమన్నారు. తునికాకు డబ్బుల్లోంచి వాళ్ళమ్మ కట్టింది. ఆ పిల్ల మళ్ళీ పుస్తకం తెచ్చుకోలేదు. ఇప్పుడు మేం ఇస్తామన్నా చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

పుస్తకాన్ని అలమరలో పెట్టు, కుక్కకు అందనివ్వకు అని ఆ అమెరికా పుస్తకాలు చెబుతాయి. ఒంటిగది ఇంట్లో అలమర ఎక్కడిది? మాకు ఉట్టి ఉంది. మేకకు అందదు, చంటిపిల్లకూ అందదు. అయితే పొయ్యి పైన కట్టకూడదు. ఆ పొగకు విత్తనాల కంకులు పురుగు పట్టకుండా ఉంటాయి గానీ పుస్తకం మసిబారుతుంది. వానకు కారని వాసం చూసి కట్టాలి. బడిలోనైతే బీరువాను గోడకు ఆనించకుండా జానెడు ఎడం ఉంచాలి, కాళ్ళ దగ్గర చెదల మట్టి లేచిందేమో వారానికోసారి చూడాలి. ఈ పని పిల్లలకే అప్పజెప్పొచ్చు, మనకంటే వాళ్ళ కళ్ళు చురుకు. అట్టలు అంటించే మైదా జిగురులో కాస్త మైలుతుత్తం కలిపితే పురుగు చేరదు. అది విషం కాబట్టి పెద్దవాళ్ళే కలపాలి.

పుస్తకాలు వాడుకోవడానికే అన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో పుస్తకంగా అచ్చువేసిన ఐదు సూత్రాల్లో మొదటిది. గ్రంథాలయాల చదువుకు మన దేశంలో బాట వేసిన మనిషి ఆయన. వాడితే నలుగుతుంది. నలిగినదాన్ని కుట్టుకోవాలి. కొలంబియాలో లూయిస్ సొరియానో అనే బడిపంతులు ఆల్ఫా, బెటో అనే రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని కొండపల్లెలకు మోశాడు. ఆయన మీద జెనెట్ వింటర్ 2010లో బొమ్మల పుస్తకం వేసింది. వానలో, దుమ్ములో తిరిగే పుస్తకాలు కొత్తగా ఉంటాయా?

కోయ, గోండి, కొలామి, సవర భాషల్లో బడి వాచకాలు వచ్చాయి. ఊరికే సరదాగా చదువుకునేవి మాత్రం తక్కువ. అందుకే తెలుగు లిపిలో కోయ మాటలతో మేమే ఒకటి తయారు చేస్తున్నాం. అందులో ఉట్టి ఉంది, మేక ఉంది, తాళం వేసిన బీరువా ఉంది. మేక బొమ్మ ఆ పిల్లనే వెయ్యమన్నాం. వేస్తానంది. అమ్మ డబ్బు కట్టే పేజీ మాత్రం ఉండకూడదంది. అది ఉండాల్సిందేనని మాలో సగంమంది. ఇంకా తేలలేదు.