దీమం

మేము యానాదులం. మాది ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చిన్న కాలనీ. మా గుడిసె చూరుకి ఒక ఖాళీ పంజరం వేలాడుతా ఉంటుంది. ఒకప్పుడు మా తాత అందులో కౌజుపిట్టను పెంచాడు. దాన్ని దీమం అంటారు. వేటలో తన జాతిని దగ్గరికి రప్పించడానికి పెట్టే పెంపుడు పిట్ట గానీ, పెంపుడు జింక గానీ దీమమే.

తాత కౌజును పిల్లగా ఉన్నప్పుడే తెచ్చి, చెదపురుగులు పెట్టి మచ్చిక చేసేవాడంట. తెల్లారుజామున పంజరానికి గుడ్డ కప్పి చేను గట్టుకి తీసుకుపోయేవాడు. చుట్టూ ఉచ్చులు పెట్టి, గుడ్డ తీసి, దూరంగా పొదలో కదలకుండా కూర్చునేవాడు. అది కూయగానే బయటి మగకౌజు "నా చోటులోకి ఎవడొచ్చాడు" అని పోట్లాటకి పరిగెత్తుకొచ్చి ఉచ్చులో పడేది.

జింకలకీ అంతేనంట. ఇది తాతకు వాళ్ళ తాత చెప్పాడు. మగజింకను ఇర్రి అంటారు. పెంచిన ఇర్రి కొమ్ములకు ఉచ్చుతాళ్ళు కట్టి మంద దగ్గర వదిలేవాళ్ళు. మందలో పెద్ద ఇర్రి దాంతో కుమ్ములాడేది. తాళ్ళలో దాని కొమ్ములు చిక్కుకునేవి. దీమం మనిషికీ కుక్కకీ బెదరకూడదు. అది బెదిరితే మందంతా పారిపోతుంది. అక్బరు చక్రవర్తి కూడా ఇట్లా వేటాడేవాడని అబుల్ ఫజల్ 'ఐనీ అక్బరీ'లో రాశాడని మా సోషల్ సారు చెప్పారు.

1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది. ఇప్పుడు జింకను పట్టినా, కౌజును పట్టినా నేరం. తాత వేట మానేశాడు.

ఒకరోజు నేను "తాతా, తన వాళ్ళను పట్టిస్తున్నానని దానికి తెలుసా?" అని అడిగాను.

"తెలిస్తే కూస్తదా అమ్మా" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తాతకు చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

నేను ఏడో తరగతిలో ఉండగా సంక్రాంతి సెలవులకి ఇంటికి పోయాను. అది మిరపకోతల కాలం. ఒక మేస్త్రీ నాకు రిబ్బన్లు, గాజులు కొనిచ్చి "నువ్వు హాస్టల్లో చదివే పిల్లవి. నువ్వొస్తే మిగతా ఆడపిల్లలు వస్తారు" అన్నాడు. నాకు గర్వమనిపించింది. ఇంటింటికీ పోయి పిలిచాను. ఐదుగురు వచ్చారు. గుంటూరు వైపు చేలల్లో కాయలు కోశాం. ఘాటుకి దగ్గు వచ్చేది. అన్నం కలుపుకుంటే వేళ్ళు మండేవి. రాత్రి కళ్ళు నలుపుకున్న పిల్ల ఏడ్చేది.

సెలవులు అయినాక మా నాయన వచ్చి నన్ను బడికి పంపాడు. నా స్నేహితురాలి ఇంట్లో మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నారు. అది తీరేదాకా ఆమె ఆగిపోయింది. మిరప అయినాక పత్తి, పత్తి అయినాక మళ్ళీ మిరప. రెండేళ్ళయింది. లెక్కల్లో ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చేవి.

కౌజుకి తెలియదు. నాకు ఇప్పుడు తెలుసు.

వచ్చే సంక్రాంతికి నేను మళ్ళీ వాళ్ళింటికి పోతాను. ఈసారి బడికి రమ్మని పిలుస్తాను. అడ్వాన్సు సంగతి వాళ్ళ అమ్మతో మాట్లాడమని నాయనను కూడా తీసుకుపోతాను. వార్డెన్ మేడమ్ గారూ, ఆమె వస్తే దయచేసి చేర్చుకోండి. నా పెట్టె పక్కన ఇంకో పెట్టెకి చోటుంది.

స్నేహితులారా, ఆమె వస్తే ఏడో తరగతిలో చిన్నపిల్లలతో కూర్చోవాలి. దయచేసి ఎవ్వరూ నవ్వొద్దు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని