బరువు మీదనే బిగించాలె

మన షోలాపూర్ తూర్పు వాడల్లో ఇప్పుడు పాత కార్లు బాగానే కనబడుతున్నాయి. పదేండ్లు, పదిహేనేండ్లు తిరిగిన బండిని ఇద్దరు అన్నదమ్ములు కలిసి కొనుక్కుంటారు. పెండ్లికైనా, ఆస్పత్రికైనా, శ్రావణ పున్నమి నాడు మార్కండేయ రథం చూడవచ్చే ఆడబిడ్డల్ని స్టేషన్ నుంచి తేవడానికైనా అదే దిక్కు. కొనేటప్పుడు ఇంజను చూస్తాం, ఏసీ చూస్తాం, సీటు కవర్లు కూడా చూస్తాం. ముందు చక్రాన్ని కింద పట్టుకొని ఉన్నదేమిటో వంగి చూసేవాళ్ళు తక్కువ.

దాని పేరు లోయర్ ఆర్మ్. కంట్రోల్ ఆర్మ్ అని కూడా అంటారు. చిన్న కార్లలో చాలావాటికి ముందు వైపు మాక్‌ఫర్సన్ స్ట్రట్ అనే ఏర్పాటు ఉంటుంది. స్ప్రింగు, షాకబ్జర్ కలిసి నిలువుగా నిలబడతాయి. అడుగున చక్రం పక్కకు జరగకుండా పట్టుకునేది ఈ ఆర్మే. చాలా బండ్లలో ఆర్ముకు లోపలి వైపు రెండు రబ్బరు బుష్షులు, చక్రం వైపు ఒక బాల్ జాయింటు ఉంటాయి. చక్రం గుంతలో దిగితే బుష్షు రబ్బరు కొంచెం మెలి తిరిగి మళ్ళీ తన చోటికి వస్తుంది. బాల్ జాయింటు మన భుజం కీలు లాంటిది. గుండ్రటి తల గిన్నెలో తిరుగుతుంది. పైన రబ్బరు తొడుగు, లోపల గ్రీజు. తొడుగు చినిగితే దుమ్మూ నీళ్ళూ చొరబడి కీలు అరిగిపోతుంది.

మా అన్నదమ్ములది పదహారేండ్ల పాత డీజిల్ బండి. అక్కల్‌కోట్ రోడ్డు స్పీడ్ బ్రేకర్ల మీద కట్ కట్ అని కొట్టడం మొదలుపెట్టింది. బ్రేకు వేస్తే ఎడమకు లాగేది. ఎడమ టైరు లోపలి అంచు మాత్రమే నున్నగా అరిగింది. సైలెన్సర్ వదులైంది అన్నాడు తమ్ముడు. షాకబ్జర్లు పోయినయి, మార్చాలె అన్నారు ఒక గ్యారేజీలో.

మా బాపు మిల్లు మూతపడేదాకా జాబర్‌గా చేశాడు. తర్వాత టవళ్ళ కార్ఖానాలో మగ్గాలు రిపేరు చేశాడు. ఆ చప్పుడులో అన్నేండ్లు నిలబడి రెండు చెవులూ మందమయ్యాయి. బండి కొట్టే చప్పుడు ఆయనకు వినబడదు. మేం గట్టిగా చెప్తే అర్థం చేసుకొని, స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పించాడు. తమ్ముణ్ణి బానెట్ మీద చేతులాన్చి బండిని కిందికీ మీదికీ ఊపమన్నాడు. తాను కూర్చొని చక్రం వెనక నుంచి చెయ్యి పెట్టి ఆర్మును పట్టుకున్నాడు.

"ఈడ కొడుతుందిరా. పోయేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి. పిక్కరు వదులైన మగ్గం గిట్లనే కొడ్తది. నా చెవులు పోయినయి గాని చేతులు పోలే."

ఆదివారం మాకు ఎరికైన మిస్త్రీ దగ్గర బండిని జాకీ మీద లేపించి, కింద స్టాండు పెట్టించాం. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే టక్ మంది. బాల్ జాయింటు వదులు. సబ్బలి ఆన్చి చూస్తే వెనక బుష్షు రబ్బరు సగానికి చీలి ఉంది. కుడి వైపు అంత చెడలేదు గాని, ఆ బుష్షుకూ పగుళ్ళున్నాయి.

ఇక డబ్బుల మాట. మరుసటి వారమే వరంగల్‌లో మేనకోడలి పెండ్లి. నల్దుర్గ్, ఉమర్గా, జహీరాబాద్ మీదుగా హైదరాబాద్ వరకే సుమారు 300 కిలోమీటర్లు, అక్కడి నుంచి మళ్ళీ వరంగల్. రెండు ఆర్ములు కొత్తవి వేస్తే నా జీతంలో పావు వంతు పోతుంది. "ఎడమది ఒక్కటే చేద్దాం. బుష్షులు కొత్తవి కొట్టించి, బాల్ జాయింటుకు వెల్డింగు టాకా పెట్టిద్దాం. పెండ్లి కర్సులున్నయి గదా అన్నా" అన్నాడు తమ్ముడు. వాడు అన్నదాంట్లో తప్పేం లేదు. మన ఇండ్లల్లో రిపేరు అంటే ముందు గుర్తొచ్చేది జుగాడే.

బాపు తల అడ్డంగా ఊపాడు. "షెడ్డుల నేను చెయ్యని జుగాడ్ లేదు. కాని నాడె ఎగిరే కాడ చెయ్యలే. నాడె ఎగిరితే పక్క మగ్గం మనిషికి తాకుతది. బండ్ల మీ అమ్మ కూసుంటది, పిల్లలు కూసుంటరు."

మిస్త్రీ కూడా అదే చెప్పాడు. బాల్ జాయింటు ఊడితే చక్రం పక్కకు మడుచుకుపోతుంది, స్టీరింగు ఎంత తిప్పినా లాభం ఉండదు. వెల్డింగు వేడికి లోపలి ప్లాస్టిక్ గిన్నె, గ్రీజు, తొడుగు అన్నీ పాడవుతాయి. బుష్షులూ బాల్ జాయింటూ బిగించే వచ్చే కొత్త ఆర్ములు రెండు తెచ్చాం. ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగినది ఉంటే బండి మళ్ళీ ఒక పక్కకు లాగవచ్చు.

పని చూడటానికి కష్టంగా కనబడదు. చక్రం విప్పి, బాల్ జాయింటు బోల్టు తీసి, లోపలి బోల్టులు తీస్తే ఆర్మ్ బయటికి వస్తుంది. తుప్పు పట్టిన బోల్టులకే సగం పొద్దు పోయింది. కొత్త ఆర్మ్ పెట్టాక బాల్ జాయింటు బోల్టు గట్టిగా బిగించి, బుష్షుల బోల్టులు మాత్రం చేతి బిగువుతో వదిలేశాడు మిస్త్రీ. తమ్ముడికి ఆగలేదు. "పూర్తిగా బిగించవేంది?"

"చక్రం ఏలాడుతుంటే బిగిస్తే రబ్బరు ఆ తీరుననే పట్టుకుంటది. బండి కిందికి దించంగనే మెలి పడ్తది. ఇగ ఎప్పుడూ ఆ మెలితోనే తిరుగుతది, కొన్ని నెలలకే చీలుతది. బండి బరువు చక్రాల మీద పడ్డంకనే బిగించాలె."

ఆ మాట బాపు చెవిలో అరిచి చెప్పాను. ఆయన నవ్వాడు. "మగ్గానికీ అంతే గదా. బీముకు బరువు ఏలాడదీసినంకనే పడుగు బిగువు తెలుస్తది."

చక్రాలు తొడిగి, బండిని ర్యాంపు మీదికి ఎక్కించి, బరువు మీద ఉండగానే టార్క్ పానాతో బోల్టులన్నీ బిగించారు. ఆ సాయంత్రమే వీల్ అలైన్‌మెంటు చేయించాం. అది చేయించకపోతే కొత్త ఆర్ములున్నా టైర్లు మళ్ళీ వంకరగానే అరుగుతాయి. వరంగల్ పోయి వచ్చాం. చప్పుడు లేదు, లాగుడు లేదు.

పాత బండి ఉన్నవాళ్ళు దూర ప్రయాణానికి ముందు ఇవి చూసుకోండి. స్పీడ్ బ్రేకర్ మీద కొడుతుందా? బ్రేకు వేస్తే పక్కకు లాగుతుందా? టైరు ఒక అంచే అరుగుతుందా? కారణం ఇదొక్కటే కాకపోవచ్చు గాని, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా బండిని లేపించి ఆర్ములు చూపించండి. మార్పిస్తే బుష్షుల బోల్టులు ఎప్పుడు బిగిస్తున్నారో దగ్గరుండి అడగండి. తీసిన పాత సామాను చేతికి తీసుకొని చూడండి.

ఇంట్లో మగ్గాల మీద పనిచేసిన పెద్దమనిషి ఉంటే గ్యారేజీకి వెంట తీసుకుపోండి. మిల్లులు మూతపడ్డాయి గాని, వదులైన కీలును పట్టుకొని చెప్పగల చేతులు మన ఇండ్లల్లో ఇంకా ఉన్నాయి.