పప్పుకు దొరికిన చదువు, రాయికి దొరకని చదువు

కరణ్‌కోట అనగానే తాండూరు ప్రాంతంలో ఎవరికైనా ముందుగా స్ఫురించేది సిమెంటు కర్మాగారం. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సి.సి.ఐ. 1980ల్లో నెలకొల్పిన కర్మాగారమది. ఏడాదికి పది లక్షల టన్నుల సామర్థ్యం గలది. ఆ ఊరి చుట్టూ నేలను తవ్వి చూస్తే పైన నల్లరేగడి, దాని కింద సున్నపురాయి. పైపొరలో కంది పండుతుంది. కిందిపొర సిమెంటుకూ, మన ఇళ్ళలో పరచుకునే నాపబండలకూ ఆధారం. ఒకే భూమి, రెండంతస్తుల ఇల్లు వంటిది. ఈ రెండు అంతస్తుల మధ్య నాకు కనబడిన ఒక భేదాన్ని గురించే ఈ వ్యాసం.

విద్యావిధానం, నవకల్పన, ఆర్థికాభివృద్ధి అనే మూడు మాటలూ ప్రభుత్వ పత్రాలలో ఎప్పుడూ ఒకే వరుసలో, పెళ్ళి ఊరేగింపులో బాజాభజంత్రీల వలె, కలిసే నడుస్తుంటాయి. మొదటిది ఉంటే రెండవది పుడుతుందనీ, రెండవది పుడితే మూడవది వస్తుందనీ తాత్పర్యం. ఈ సూత్రం తప్పని నేననను. కాని అది ఎక్కడ, ఏ మార్గాన నిజమవుతుందో తెలుసుకోవాలంటే ఢిల్లీ పత్రాలకంటె తాండూరు చేలగట్ల మీద నడవడం ఎక్కువ ఉపకరిస్తుందని నా నమ్మకం.

ముందు పై అంతస్తు సంగతి.

కందికి ఎండు తెగులు అని ఒకటుంది. మట్టిలో ఏళ్ళ తరబడి ప్రాణం నిలుపుకొనే ఒక శిలీంధ్రం వేళ్ళగుండా కాండంలో చేరి నీటిదారులను మూసివేస్తుంది. పైరు ఏపుగా పెరుగుతుంది, పూత పూస్తుంది, కాయ పట్టే వేళకు నిలువునా ఎండిపోతుంది. పెట్టుబడి అంతా పెట్టాక, ఇక కోతే తరువాయి అనుకున్నాక వచ్చే నష్టం కనుక, రైతును ఇది దెబ్బ తీసినట్టు మరో తెగులు తీయదు. శిలీంధ్రం మట్టిలో ఉన్నది. చేనంతటికీ మందు తాగించడం కుదిరే పని కాదు. తట్టుకొనే విత్తనమొక్కటే దారి.

ఆ విత్తనాన్ని వెదికే పద్ధతి వింటే విచిత్రంగా ఉంటుంది. శాస్త్రజ్ఞులు ఒక మడిని కావాలని తెగులుపాలు చేస్తారు. ఎండిన మొక్కల ముక్కలను మళ్ళీ మళ్ళీ అదే మట్టిలో కలిపి, రోగం అక్కడ ఎన్నటికీ తగ్గకుండా కాపాడుతారు. అందులో వందలాది కంది రకాలను విత్తుతారు. చచ్చినవి చావగా బ్రతికినవాటిని ఏరుకొని, వాటి విత్తనాన్ని మళ్ళీ అదే మడిలో విత్తుతారు. మనం రోగాన్ని పారదోలాలని చూస్తాము. వారు దాన్ని ఇంట పెట్టుకొని పోషిస్తారు. ఇందులో ఓర్పు తప్ప వేరే మాయ లేదు. ఆ ఓర్పుకు మాత్రం ఎవరో జీతమివ్వాలి, ఒకటి రెండేళ్ళు కాదు, పది పదిహేనేళ్ళు.

ఆ జీతమిచ్చింది విద్యావిధానమే. 1948–49లో రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన విశ్వవిద్యాలయ సంఘం గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాలన్నది. 1960లో పంత్‌నగర్‌లో దేశపు మొదటి వ్యవసాయ విశ్వవిద్యాలయం వెలసింది. 1964లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1968 జాతీయ విద్యావిధానం ప్రతి రాష్ట్రంలోనూ కనీసం ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉండాలని స్పష్టంగా పలికింది. వీటన్నిటికీ మాతృక అమెరికాలో 1862 చట్టంతో పుట్టిన భూదాన కళాశాలలు. మన హైదరాబాదు విశ్వవిద్యాలయానికి తొలినాళ్ళలో అక్కడి కాన్సాస్ రాష్ట్ర విశ్వవిద్యాలయం తోడు నిలిచింది.

ఆ నమూనాలో ప్రాణప్రదమైనది భవనాలూ పట్టాలూ కాదు. బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడు పనులనూ ఒకే సంస్థ నెత్తిన పెట్టడం. పాఠం చెప్పేవాడే పరిశోధించాలి. పరిశోధించినవాడే చేనుకు పోయి రైతుకు జవాబు చెప్పుకోవాలి. 1979లో మొదలైన జాతీయ వ్యవసాయ పరిశోధన ప్రాజెక్టు దీనికి మరొక మెట్టు చేర్చింది: పరిశోధన రాజధానిలో కూర్చుంటే చాలదు, ఒక్కో వాతావరణ మండలానికి దిగిరావాలి. తాండూరులో ఇప్పుడు మనం చూసే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఈ ఆలోచనా వంశంలోనిదే. కంది దాని ముఖ్యమైన పంట.

పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్‌ను కూడ ఇక్కడ స్మరించాలి. అక్కడి రోగగ్రస్తమైన మళ్ళలో నెగ్గిన ఒక రకం 1986లో కర్ణాటకలో ‘మారుతి’ పేరుతో విడుదలైంది. అది ఒక మహారాష్ట్ర నాటు కంది నుంచి ఎంపిక చేసినదే. అంటే దాని గుణం ఎవరో రైతు పొలంలో ముందే ఉన్నది. ఉన్నదని గుర్తించడానికి ఒక మడీ, కొందరు మనుషులూ కావలసి వచ్చారు. 1993లో ‘ఆశ’ వచ్చింది. అది ఎండు తెగులుతోపాటు నల్లి ద్వారా వ్యాపించే వెర్రితెగులును కూడ తట్టుకుంటుంది. తరువాత తాండూరు కేంద్రమే తన పేరిట టి.డి.ఆర్.జి. అనే అక్షరాలతో రకాలనిచ్చింది. వాటిలో నాలుగవ సంఖ్య గలదానికి ‘హనుమ’ అని పేరు. మారుతి నుంచి హనుమ దాకా ప్రయాణించి మళ్ళీ ఆయన దగ్గరకే వచ్చామన్నమాట!

2022 డిసెంబరులో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు లభించింది. అర్జీ పెట్టినది యాలాల రైతుల ఉత్పత్తిదారుల కంపెనీ. శాస్త్రసంబంధమైన సాయం చేసినది జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. ఇటువంటి గుర్తింపుకు మా పప్పు రుచిగా ఉంటుందని చెప్పుకుంటే సరిపోదు. రుచి ఈ నేలవల్లనే వచ్చిందని నిరూపించాలి. ఆ నిరూపణలో పప్పులోని 22–24 శాతం మాంసకృత్తులతోపాటు నల్లరేగడిలోని అట్టాపల్గైట్ అనే బంకమన్ను ఖనిజాన్నీ, అడుగున ఉన్న సున్నపురాతి నిక్షేపాలనూ పేర్కొన్నారు. పై అంతస్తు తన కీర్తికి సాక్ష్యంగా కింది అంతస్తును పిలుచుకొన్నది! ఈ గుర్తింపుతో ధర తనంతట తానే పెరిగిపోతుందని నేను భ్రమపడను. కల్తీ చేసేవాడికి ముద్రలు అడ్డంకి కావు. కాని ‘మాది’ అని న్యాయస్థానంలో నిలబడి చెప్పగలిగే హక్కు రైతుకు వచ్చింది. ఆ హక్కు వెనుక ఉన్నది అర్ధశతాబ్దపు చదువు.

ఇక కింది అంతస్తుకు దిగుదాము.

భూవిజ్ఞానులు ఈ రాతిని భీమా పరీవాహకపు సున్నపురాయి అంటారు. కోట్ల యేళ్ళ నాటి సముద్రపు అడుగున పొర మీద పొరగా పేరుకొన్నది. అందుకే అది పుస్తకంలోని పుటల వలె విడివడుతుంది. అందుకే కోయకుండానే బండగా లేస్తుంది. సరిహద్దుకు ఆవలనున్న షాబాదు పేరు మీద షాబాదు బండ అనీ, ఈవల తాండూరు బండ అనీ వ్యవహారం. నీలం ఒక జాతి, పసుపు ఒక జాతి. నిజాం కాలంలో 1874లో సికింద్రాబాదు–వాడి రైలుమార్గం పడినప్పటినుంచి ఈ రాయికి దూరప్రయాణపు దారి దొరికింది. హైదరాబాదు పాత ఇళ్ళ అరుగులు చాలావరకు ఈ నేల ముక్కలే.

ఆ గనులలో ఒకదాని దగ్గర ఒక పెద్దమనిషి పని చేస్తుండగా చాలాసేపు నిలబడి చూశాను. ఆయన బండ మీద సుత్తితో మెల్లగా తట్టి, చెవి ఒగ్గి వినేవాడు. ఒక చోట గంట వంటి శబ్దం. రెండడుగుల అవతల కొంచెం బోలుగా. బోలుగా పలికినచోట గీత గీసి వదిలేశాడు. ‘‘గాడ లోపల నెర్ర ఉన్నది సారూ, గుంజితే ఇరుగుతది’’ అన్నాడు. ఎట్లా తెలిసిందని అడిగితే నవ్వి, ‘‘రాయి చెప్తది’’ అన్నాడు. బడికి పోయారా అని అడిగితే ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆ శబ్దంలోనుంచి పగులును గుర్తించడం ఇంజనీర్లు అల్ట్రాసోనిక్ యంత్రంతో కాంక్రీటుకు చేసే పరీక్షకు చిన్నక్కయ్య. అయినా ఈ జ్ఞానం ఎక్కడా రాసుకోబడలేదు, కొలవబడలేదు, పరీక్షకు పెట్టబడలేదు. ఆ మనిషితోనే వచ్చింది, ఆ మనిషితోనే పోతుంది. మహారాష్ట్ర రైతు పొలంలోని ఆ నాటు కంది వంటిదే ఇదీ; గుర్తించే మడి ఒకటే కరువు.

గనుల చుట్టూ విరిగిన రాతి గుట్టలు. బండగా లేవనిది, లేచి విరిగినది, అంచులు కోయగా మిగిలినది, అన్నీ అక్కడే. పాలిష్ మిల్లుల నుంచి వచ్చే రాతిపొడి బురద ఎండితే గాలికి లేచి చెట్ల ఆకుల మీద పేరుకొంటుంది. తవ్వి వదిలేసిన గోతులలో వాననీరు. ఈ గుట్టలను ఏం చేయవచ్చు? విరుగుడు ఎట్లా తగ్గించవచ్చు? ఆ గోతులను మళ్ళీ కంది పండే నేలగా మార్చవచ్చునా? ఇవి ప్రశ్నలే. కాని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడం తన ఉద్యోగమని భావించే మనిషి కంది చేనుకు ఉన్నట్టు రాతిగనికి లేడు. రాతి నుంచి ప్రభుత్వానికి సీనరేజీ వసూలవుతుంది; తిరిగి చదువు రూపంలో రాతికి వచ్చేది మాత్రం కనబడదు.

జవాబు ఊహకందనిదేమీ కాదు. సిమెంటునే చూడండి. సున్నపురాతిని బంకమన్నుతో కలిపి దాదాపు 1450 డిగ్రీల వేడిలో కాల్చితే క్లింకరు తయారవుతుంది. ఒక టన్ను క్లింకరుకు ఒకటిన్నర టన్నుల దాకా రాయి ఖర్చు, పైగా ఆకాశానికి బొగ్గుపులుసు వాయువు. స్విట్జర్లాండు, క్యూబా, మన ఢిల్లీ, మద్రాసు ఐ.ఐ.టి.ల పరిశోధకులు కలిసి క్లింకరును సగానికి తగ్గించి, కాల్చిన బంకమన్నునూ కాల్చని సున్నపురాతి పొడినీ చేర్చే ఒక కొత్త మిశ్రమాన్ని రూపొందించారు. 2023లో మన ప్రమాణాల సంస్థ దానికి ప్రమాణం ప్రకటించింది. క్లింకరుకు పనికిరాని నాసిరకం సున్నపురాయి కూడ అందులో పనికివస్తుంది. అంటే తాండూరు గుట్టలకు సంబంధించిన జవాబులో ఒక పాలు తాండూరుకు ఎంతో దూరాన తయారైంది. ఆ గుట్టలోని రాయి దానికి ఎంతవరకు తగినదో పరీక్షించి చెప్పే గది మాత్రం గుట్ట పక్కన ఉండాలి.

విధానకర్తలు వృత్తివిద్యను మరచిపోయారని అనడం అన్యాయం. 1986 విధానం ఇంటర్మీడియట్ స్థాయి విద్యార్థులలో 1990 నాటికి 10 శాతం, 1995 నాటికి 25 శాతం వృత్తివిద్యకు రావాలన్నది. 1992 సవరణ ఆ గడువులను అయిదేళ్ళు జరిపింది. 2020 విధానం 2025 నాటికి కనీసం సగం మంది విద్యార్థులకు వృత్తివిద్యా పరిచయం ఉండాలన్నది. పరిశోధనకు దేశం తన స్థూలోత్పత్తిలో 0.69 శాతమే వెచ్చిస్తున్నదనీ, దక్షిణ కొరియా 4.2 శాతం వెచ్చిస్తున్నదనీ అదే పత్రం ఒప్పుకొన్నది. లెక్కలన్నీ విద్యార్థుల తలకాయలవి, రూపాయలవి. ఏ ఊరి ఏ ప్రశ్నకు ఎవరు బాధ్యులో ఆ లెక్కలలో రాదు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల విషయంలో విధానం ఆ బాధ్యతను పేరు పెట్టి అప్పగించింది. తేడా అంతా అక్కడే ఉన్నదని నాకు తోస్తుంది.

2008 తరువాత బోధనారుసుముల చెల్లింపు పథకంతో మన వైపు ఇంజనీరింగు కళాశాలలు దాదాపు 700 అయ్యాయి. వాటిని ఎగతాళి చేయడం ఒక అలవాటైపోయింది, నాకది నచ్చదు. ఎన్నో ఇళ్ళలో మొదటి పట్టభద్రుడు ఆ డబ్బుతోనే తయారయ్యాడు. హైదరాబాదులో 1998 నాటి ఐఐఐటీ, దాని ప్రాంగణంలో 2015లో మొదలైన టీ–హబ్ నవకల్పనకు పేరు తెచ్చిన మాటా నిజమే. అయితే ఆ చదువు గని పక్కింటి పిల్లవాణ్ణి నూటపది కిలోమీటర్ల దూరం తీసుకుపోయి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. వాడు బాగుపడ్డాడు. గని అట్లాగే ఉంది.

కంది లక్షలాది రైతులది, గని కొందరు యజమానులది. ప్రజల సొమ్ము దానికెందుకని ఒక మిత్రుడు వాదించాడు. గనిలో పనిచేసేది యజమాని కాదని నా జవాబు. పైగా మనం బొగ్గుకు ఆ పని చేశాము కదా! కొత్తగూడెంలో గనుల కళాశాల పెట్టాము. దేవుడి విగ్రహం చెక్కే రాతికి తిరుపతిలో దేవస్థానం వారి శిల్ప శిక్షణ సంస్థ ఉన్నది. జర్మనీలో రాతిపని మూడేళ్ళ శిక్షణ గల గౌరవనీయమైన వృత్తి. పని నేర్పే యజమాని, పాఠం చెప్పే బడి ఇద్దరూ కలిసి కుర్రవాణ్ణి తయారుచేస్తారు. మనం కాళ్ళ కింద పరచుకునే రాయి ఒక్కటే ఎవరికీ పట్టలేదు.

కొత్తగూడెం కళాశాల 2025లో మన్మోహన్ సింగ్ పేరిట భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమైంది. అక్కడినుంచి తాండూరుకు సుమారు నాలుగువందల కిలోమీటర్లు. ఆ విశ్వవిద్యాలయం ఇక్కడ పెద్ద భవనం కట్టనక్కరలేదు. కంది పరిశోధన కేంద్రం పక్కన రెండు గదులు, ఒక తూకపు యంత్రం, ఒక చిన్న ప్రయోగశాల, పదిహేనేళ్ళు కదలకుండా ఉండే ఇద్దరు మనుషులు చాలు. మొదటి ఏడాది వారు ఒక గనిలో తవ్విన రాయి ఎంత, బండగా బయటికి పోయినది ఎంత, గుట్టకు చేరినది ఎంత అని తూచి రాయవచ్చు. ఆ పెద్దమనిషిని జీతానికి పెట్టుకొని, ఆయన తట్టిన ప్రతి బండనూ యంత్రంతో మళ్ళీ పరీక్షించి, ఎన్నిసార్లు ఆయన చెవి ఒప్పయిందో పట్టిక వేయవచ్చు. రెండవ ఏడాది మొదలుకొని ఆయన దగ్గర పదిమంది కుర్రవాళ్ళను కూర్చోబెట్టవచ్చు. ఆయనకు వయసు మీరుతున్నది. ఇంకెన్నాళ్ళు గనిలోకి దిగగలరో తెలియదు.