ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్

2022 నవంబరులో ఒక కొటేషన్ మీద పెన్నుతో గీత గీశాను. ఆ గీత ఖరీదు ఏడు వేల ఎనిమిది వందలని తేలడానికి ఏడాదిన్నర పట్టింది.

మావాడప్పుడు ఇంజినీరింగ్ రెండో ఏడు. కంప్యూటర్ అంతకు ఏడాది ముందు కొన్నదే, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌ది. ఆ సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక వాటి ధరలు దిగాయి, ఇదే అదనంటూ ఆర్‌టీఎక్స్ 3060 కార్డు అడిగాడు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లి కొటేషన్ రాయించుకొచ్చాడు. కార్డు కింద రెండో లైను ఎస్‌ఎంపీఎస్‌ది, అంటే కంప్యూటర్‌లోని భాగాలకి కరెంటు అందించే డబ్బా: 550 వాట్లు, రూ. 4,500.

"ఉన్నది 450దేగా? క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది, నిక్షేపంలా పనిచేస్తోంది. వంద వాట్లకి నాలుగున్నర వేలా?" అన్నాను.

"ఆ కార్డుకి 550 ఉండాలంట నాన్నా" అని నసిగాడు. గీత పడిపోయింది.

ముప్ఫై వేల కార్డుకి కిక్కురుమనకుండా ఒప్పుకున్నవాణ్ని, నాలుగున్నర వేల దగ్గర ఎందుకు బిగుసుకున్నాను? పెద్ద ఖర్చుకి తలూపిన దిగులు కింద లైను మీద తీర్చుకున్నానంతే. పెళ్లి ఖర్చుల్లోనూ, ఇల్లు కట్టేటప్పుడూ చేసింది ఇదే.

పాత డబ్బాకి కార్డులో దూర్చే ఎనిమిది పిన్నుల ప్లగ్గే లేదు. నాలుగు పిన్నుల తెల్ల ప్లగ్గులు రెండింటిని కలిపే కనెక్టరు నూట యాభైకి తెచ్చి తగిలించాడు. అక్కడైనా ఆగాల్సింది. ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోయి మళ్లీ మొదలయ్యేది. తప్పు విండోస్‌దనుకుని రెండుసార్లు ఫార్మాట్ కొట్టాం. 2024 మే నెలలో ఒక రాత్రి 'టప్' మంది. గదంతా కాలిన ప్లాస్టిక్ వాసన.

కార్డు బతికింది. మదర్‌బోర్డు పోయింది. కాలిన మచ్చ ఉంటే వారంటీ రాదన్నారు. కొత్త బోర్డు 7,200, చూసినందుకు 600. గీతతో మిగిల్చానన్న నాలుగున్నర వేలు మిగిలిందీ లేదు, ఎస్‌ఎంపీఎస్ ఎలాగూ కొనాలి.

రిపేరు చేసే కుర్రాడు పాత డబ్బాని నా చేతిలో పెట్టాడు. మరో చేతిలో కొత్తదొకటి. పాతది ఖాళీ టిఫిన్ క్యారియర్‌లా ఉంది. "స్టిక్కర్ చూడండి సార్" అన్నాడు. 450 అన్న అంకె బొటనవేలంత. దాని కింద చీమల్లాంటి అక్షరాల్లో పట్టిక: 12 వోల్టుల లైను, 16 ఆంపియర్లు. పన్నెండు పదహార్లు నూట తొంభై రెండు వాట్లు. కార్డూ, ప్రాసెసరూ బతికేది ఆ లైను మీదే. కార్డొక్కటే 170 దాకా లాగుతుంది, ప్రాసెసర్ ఎనభై పైచిలుకు. మిగతా వాట్లన్నీ వేరే లైన్లలో, మాకు అక్కరకు రానివి.

దెబ్బ తిన్నాక భయం పట్టుకుంది. "వెయ్యి వాట్లది కొనేద్దాం, పీడ పోతుంది" అన్నాను. పధ్నాలుగు వేలు. ఈసారి అడ్డుపడింది మావాడు. లెక్క వేయించాడు: కార్డు, ప్రాసెసర్, బోర్డు, ఫ్యాన్లు, డిస్కులు అన్నీ కలిపి 300 వాట్లు. కార్డు ఉన్నట్టుండి ఎగబాకే క్షణాలకి కొంత వెసులుబాటు వేసుకుంటే 650 చాలు. పెద్దది పెడితే కరెంటు ఎక్కువ కాలదు, కంప్యూటర్ అడిగినంతే ఇస్తుంది. కానీ వాడని వాట్లకి డబ్బు కట్టినట్టే.

ఇక బ్రాంజా, గోల్డా? ఈ 80 ప్లస్ ముద్రలు చెప్పేది గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత పనికొస్తుందో, ఎంత వేడిగా పోతుందో అంతే. నాణ్యతకి పూచీ కాదు. 300 వాట్లకి బ్రాంజ్ సుమారు 353 లాగితే, గోల్డ్ 333 లాగుతుంది. తేడా 20 వాట్లు. రోజుకి మూడు గంటల చొప్పున ఏడాదికి 22 యూనిట్లు. యూనిట్ తొమ్మిది రూపాయలు వేసుకున్నా రెండొందలు దాటదు. ధరలో తేడా 2,800. కరెంటు బిల్లులో అది రాబట్టుకోవాలంటే పద్నాలుగేళ్లు పడుతుంది.

వారంటీ లెక్క మాత్రం తిరగబడింది. మేం చూసిన బ్రాంజ్ 4,800, అయిదేళ్లు. గోల్డ్ 7,600, పదేళ్లు. ఏడాదికి 960, 760. కాగితం మీద గోల్డే చవక. కానీ ఈ కంప్యూటర్ మహా అయితే ఇంకో అయిదేళ్లు. పైగా బోర్డుకి ఏడు వేలు అప్పుడే పోయాయి. 12 వోల్టుల లైనులోనే దాదాపు మొత్తం వాట్లూ ఇచ్చే 650 బ్రాంజ్ తీసుకున్నాం. బిల్లు లేకుండా అయితే నాలుగొందలు తగ్గిస్తానన్నాడు కొట్టతను. నాలుగొందలకి అయిదేళ్ల వారంటీని చిక్కుల్లో పెట్టుకోనా? బిల్లు రాయమన్నాను.

పోయిన ఆదివారం పాత ఇనప సామాన్లవాడు వచ్చాడు. ఆ పాత డబ్బాని కాటాలో వేసి, పెదవి విరిచి, ముప్ఫై రూపాయలు చేతిలో పెట్టాడు. ఈసారి బేరమాడలేదు.